కాటా దగ్గర పుట్టిన ఆబ్జెక్ట్: ఎంటర్‌ప్రైజ్ సాఫ్ట్‌వేర్‌లో డేటాను నిలిపే పద్ధతులు

నవంబరు చివర్లో తణుకు చుట్టుపక్కల రైస్ మిల్లుల వేబ్రిడ్జి ముందు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. సార్వా ధాన్యం వచ్చే రోజులవి. బండి కాటా ఎక్కుతుంది, నిండు బరువు రాస్తారు, తేమ చూస్తారు, రకం అడుగుతారు, ధాన్యం దించాక ఖాళీ బండిని మళ్లీ తూస్తారు. గుమాస్తాకు ఇదంతా కంప్యూటర్‌లో ఒక స్క్రీన్. దాని వెనక ప్రోగ్రామ్‌లో మాత్రం ‘లోడు’ అనే ఆబ్జెక్ట్, అంటే ఒక విషయం వివరాలన్నిటినీ ఒకచోట ఉంచే డేటా కట్ట, ఒకటి పుడుతుంది. లోడుకు ఒక రైతు, రైతుకు ఒక పొలం, అతను కౌలుదారు అయితే ఆ పొలానికి వేరే ఆసామి, లోడుకు సంచుల లెక్క, తరుగు, అడ్వాన్సు. ఒకదాన్ని పట్టుకుని లాగితే తీగలాగా అన్నీ వస్తాయి.

ఆ సమయంలో కరెంటు పోతే మెమరీలో ఉన్నదంతా పోతుంది. ప్రోగ్రామ్ ఆగినా, మెషిన్ మారినా ఆబ్జెక్ట్‌లోని సమాచారం నిలిచి ఉండేలా చూడటాన్నే ఆబ్జెక్ట్ పర్సిస్టెన్స్ అంటారు. దీనికి దారులు చాలా ఉన్నాయి. చాలా టీములు మొదటి నెలలో ఏది తొందరగా కోడ్ అవుతుందో చూసి ఒకటి ఎంచుకుంటాయి. తేడాలు బయటపడేది నాలుగైదు పంటలు గడిచాక. ఆపాటికి ఆ డేటాను చదివేవాళ్లు పెరుగుతారు. ఆడిటర్ వస్తాడు, బ్యాంకు వస్తుంది, కొత్తగా మొబైల్ యాప్ రాసేవాళ్లు వస్తారు. డేటా ఆకారం కూడా మారుతుంది. అందుకే ఏ పద్ధతినైనా రెండు ప్రశ్నలతో చూడాలి. మన ప్రోగ్రామ్ కాకుండా ఈ డేటాను ఇంకెవరు చదువుతారు? ఆకారం మారినప్పుడు పాత డేటా గతి ఏమిటి?

పట్టికకూ ఆబ్జెక్ట్‌కూ ఎక్కడ పొసగదు

1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించాడు. సమాచారాన్ని పట్టికల్లో పెట్టి, ఏ పట్టికను ఏ పట్టికతోనైనా కలిపి ప్రశ్న అడగవచ్చన్నది దాని సారాంశం. ఆబ్జెక్టుల పద్ధతి వేరు. లోడు నుంచి రైతు దగ్గరికి దారి ఉన్నంత మాత్రాన రైతు నుంచి అతని లోడ్లన్నిటికీ దారి ఉండదు, అది విడిగా వేయాలి. పట్టికలో ఈ బాధ లేదు. లోడు వరుసలో రైతు నంబరు ఉంటే అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఎలాగైనా వెతకొచ్చు.

ఇక గుర్తింపు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న రైతులు ఒక ఊళ్లో ఇద్దరుండటం డెల్టాలో వింతేమీ కాదు. అదే రైతును ఉదయం లోడుకు ఒకసారి, సాయంత్రం లోడుకు ఒకసారి డేటాబేస్ నుంచి తెస్తే మెమరీలో రెండు ఆబ్జెక్టులు తయారవుతాయి. వాళ్లిద్దరూ ఒకరేనా? పట్టిక ప్రైమరీ కీ, అంటే ప్రతి వరుసకూ ఉండే ప్రత్యేక గుర్తు, చూసి చెబుతుంది. ప్రోగ్రామ్‌కు ఆ సంగతి ఎవరో ఒకరు నేర్పాలి. ఇలాంటి పొసగని తనాలన్నిటికీ కలిపి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ నుంచి అరువు తెచ్చుకున్న పేరు ఇంపీడెన్స్ మిస్‌మ్యాచ్. పర్సిస్టెన్స్ పద్ధతులన్నీ దీన్ని దాటడానికో, తప్పించుకోవడానికో పుట్టినవే.

ఫైల్లోకి తోసేయడం, చేత్తో క్వెరీలు రాయడం

అన్నిటికంటే తేలిక సీరియలైజేషన్. ఆబ్జెక్టుల తీగ మొత్తాన్ని అలాగే బైట్లుగా మార్చి ఫైల్లో పెట్టేస్తారు. జావాలో ఇది భాషతోనే వస్తుంది. అయితే క్లాస్‌కు (ఆబ్జెక్టులకు అచ్చు లాంటిది) సీరియల్ వెర్షన్ యూఐడీ అనే వెర్షన్ గుర్తు రాయకపోతే, ఒక్క ఫీల్డు (ఒక వివరం పెట్టే గడి) చేర్చినా పాత ఫైళ్లు తెరుచుకోవు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు బిల్లు క్లాసులకు కొత్త ఫీల్డులు పెట్టనివాళ్లు లేరు. ఆ ఫైళ్లలో ఏముందో ఆ ప్రోగ్రామ్‌కు తప్ప ఎవరికీ తెలియదు, ఆడిటర్‌కు అసలే తెలియదు. తాత్కాలికంగా దాచుకునే కాష్‌కు పనికొస్తుంది, ఖాతాలకు పనికిరాదు. ఇంతకంటే దాని గురించి చెప్పేదేమీ లేదు.

డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్. దాన్ని చేత్తో రాయడం దీనికి సరిగ్గా ఎదురు. జావాలో 1997లో డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీ వచ్చినప్పటి నుంచీ ఇది ఉంది. క్వెరీ, అంటే డేటాబేస్‌కు వేసే ప్రశ్న, మనమే రాస్తాం, వచ్చిన ప్రతి గడిని ఆబ్జెక్ట్‌లో మనమే నింపుతాం. దాపరికం లేదు. క్వెరీ నెమ్మదిస్తే ఏ క్వెరీయో వెంటనే తెలుస్తుంది. కాకపోతే చాకిరీ ఎక్కువ. లోడు పట్టికకు ఒక కాలమ్ చేర్చితే ఇన్సర్ట్, అప్‌డేట్, నాలుగు రకాల సెలెక్టులు అన్నీ వెతికి మార్చాలి, ఒక్కటి మరిచిపోయినా తరుగు సున్నా అని బిల్లు వెళ్లిపోతుంది. ఆ చాకిరీని తగ్గించి, ఎస్‌క్యూఎల్‌ను మాత్రం మన చేతుల్లోనే ఉంచే మధ్యరకం పరికరం ఐబాటిస్. 2010లో అది మైబాటిస్ అయ్యింది. పాత డేటాబేస్ మీద కొత్త సాఫ్ట్‌వేర్ కట్టాల్సి వచ్చినప్పుడు, పట్టికల పేర్లు, ఆకారాలు మన ఇష్టానికి లేనప్పుడు ఇప్పటికీ ఇదే నిబ్బరంగా పనిచేస్తుంది. ఇది పాతకాలం పద్ధతని చిన్నచూపు చూడటం మాత్రం తొందరపాటే.

ఓఆర్ఎం: తూము ఎప్పుడు ఎత్తాలి

ఆబ్జెక్ట్‌కూ పట్టికకూ మధ్య మ్యాపింగ్ ఒకసారి రాసి, ఎస్‌క్యూఎల్‌ను పరికరమే తయారు చేసుకునేది ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపింగ్, అంటే ఓఆర్ఎం. ఇది జావాతో పుట్టిందనుకుంటారు గానీ, టాప్‌లింక్ అనే పరికరం 1990ల్లో స్మాల్‌టాక్ భాష కోసమే మొదలైంది. జావా లోకం 1998లో ఈజేబీ అనే ఎంటర్‌ప్రైజ్ జావా ప్రమాణంతో వచ్చిన ఎంటిటీ బీన్‌లతో (డేటాబేస్‌లోని వివరాలకు ప్రతినిధులైన ఆబ్జెక్టులు) కొన్నేళ్లు తంటాలు పడింది. తొలి వెర్షన్లలో రైతు పేరు చదవడం కూడా నెట్‌వర్క్ మీద వెళ్లే రిమోట్ కాల్ లెక్కే. ఆ బరువుకు విసిగి 2001లో గావిన్ కింగ్ హైబర్నేట్ మొదలుపెట్టాడు. మామూలు క్లాసులతోనే పని జరిగే ఆ పద్ధతే 2006లో జేపీఏ అనే జావా ప్రమాణంలోకి వచ్చింది.

ఓఆర్ఎంలలో రెండు జాతులున్నాయి. 2002లో మార్టిన్ ఫౌలర్ వీటికి పెట్టిన పేర్లే ఇప్పుడు అందరూ వాడుతున్నారు. యాక్టివ్ రికార్డ్‌లో ఆబ్జెక్టే తనను తాను సేవ్ చేసుకుంటుంది. 2004లో వచ్చిన రూబీ ఆన్ రెయిల్స్‌తో ఇది ఊరూరా పాకింది. పట్టిక, క్లాస్ ఒకే ఆకారంలో ఉన్నంతకాలం ఇంత హాయైన పద్ధతి మరొకటి లేదు. డేటా మ్యాపర్‌లో ఆబ్జెక్ట్‌కు డేటాబేస్ ఊసే తెలియదు, మధ్యలో మ్యాపర్ ఉండి మోసుకొస్తుంది. హైబర్నేట్ ఈ జాతిది. చిన్న కొలతలకు కూడా ఇక్కడ చక్కటి చోటు దొరుకుతుంది. గోదావరి జిల్లాల్లో బస్తా అంటే 75 కిలోలు, ప్రభుత్వ మద్దతు ధర క్వింటాల్‌కు. సంఖ్యను, ప్రమాణాన్ని కలిపి ‘బరువు’ అనే చిన్న క్లాస్‌గా రాసుకుంటే, మ్యాపర్ దాన్ని లోడు పట్టికలోనే రెండు కాలమ్‌లుగా పెడుతుంది. బస్తాలను క్వింటాళ్లతో పొరపాటున కూడే ప్రమాదం క్లాస్ దగ్గరే ఆగిపోతుంది.

అసలు సుఖం ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు అన్న పనుల కట్ట) లోపల తెలుస్తుంది. ఒక పని మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా ఏ ఆబ్జెక్టులు మారాయో ఓఆర్ఎం గుర్తుపెట్టుకుంటుంది, చివర్లో మారినవాటినే రాస్తుంది. ఒకే సెషన్‌లో, అంటే ఓఆర్ఎం డేటాబేస్‌తో జరిపే ఒక విడత పనిలో, అదే రైతును రెండుసార్లు అడిగితే అదే ఆబ్జెక్ట్ ఇస్తుంది. ఉదయం లోడు, సాయంత్రం లోడు గొడవ ఆ మేరకు తీరినట్టే. కాటా దగ్గర గుమాస్తా తేమ సరిదిద్దుతుంటే, లోపల అకౌంటెంట్ అదే లోడు అడ్వాన్సు మారుస్తుంటే? వరుసలో ఒక వెర్షన్ నంబరు ఉంటుంది. చదివినప్పటి నంబరుతోనే అప్‌డేట్ వెళ్తుంది. ఈలోగా ఇంకొకరు మార్చి ఉంటే ఒక్క వరుస కూడా మారదు, రెండోవాళ్లకు మళ్లీ తెరిచి చూడమని సందేశం వస్తుంది. దీన్ని ఆప్టిమిస్టిక్ లాకింగ్ అంటారు. ఎవరి మార్పూ చెప్పకుండా మాయమవదు. ఓఆర్ఎం వాడటానికి ఈ ఒక్క కారణం చాలనిపిస్తుంది.

తలనొప్పి చదివేటప్పుడు మొదలవుతుంది. మెయిన్ కాలువ నిండా నీళ్లున్నా, తూము ఎత్తినప్పుడే బోదెలోకి పారతాయి. లేజీ లోడింగ్ కూడా అంతే. లోడును తెచ్చినప్పుడు రైతును తేదు, రైతు పేరు అడిగినప్పుడే ఇంకో క్వెరీ వెళ్తుంది. ఒక్క లోడుకు ఇది పొదుపు. అదే ఆ రోజు దిగిన 400 లోడ్ల జాబితాలో ప్రతి లోడు పక్కనా రైతు పేరు చూపించాలనుకోండి. జాబితాకు ఒక క్వెరీ, ప్రతి కొత్త రైతుకు మరొకటి. ఎవరి లోడు వారిదైతే మొత్తం 401. ఆఫీసులో పది వరుసల టెస్ట్ డేటాతో చూసినప్పుడు ఏమీ తెలియదు. సీజన్ మధ్యలో కాటా దగ్గర స్క్రీన్ తిరుగుతూ ఉండిపోతుంది, బయట ట్రాక్టర్లు హారన్లు కొడుతుంటాయి. దీన్నే ఎన్ ప్లస్ వన్ సమస్య అంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది. తూము ఎత్తాలంటే లస్కరు అక్కడ ఉండాలి. సెషన్ మూసేశాక స్క్రీన్ తయారుచేసే కోడ్ రైతు పేరు అడిగితే హైబర్నేట్ లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్‌తో ఆగిపోతుంది.

పోనీ అన్నీ ముందే తెచ్చేద్దామంటే అదీ కుదరదు. జేపీఏలో లోడు నుంచి రైతు లాంటి ఒంటి సంబంధం మామూలుగా ముందే వస్తుంది, రైతు నుంచి లోడ్లు లాంటి గుంపు సంబంధం అడిగినప్పుడు వస్తుంది. ఈ సంగతి తెలియకుండా మ్యాపింగ్ రాస్తే అక్కర్లేని జాయిన్లు (పట్టికలను కలిపి చదవడం) వెనక చేరిపోతాయి. ఒక రైతుకు 10 లోడ్లు, 5 చెల్లింపులు ఉంటే, రెండిటినీ ఒకే జాయిన్‌తో తెస్తే 15 వరుసలు కాదు, 50 వస్తాయి. ఏ స్క్రీన్‌కు ఏం కావాలో ఆ క్వెరీలోనే చెప్పుకోవడం తప్ప అడ్డదారి లేదు. అంటే ఎస్‌క్యూఎల్ తెలియనివాళ్ల కోసం ఓఆర్ఎం అన్న ప్రచారం తప్పు. తెలిసినవాళ్ల చాకిరీ తగ్గించడానికే అది.

చేపల చెరువు రొయ్యల చెరువు అయితే

వారసత్వం, అంటే ఇన్హెరిటెన్స్ దగ్గర ఇంకో పాఠం ఉంది. భీమవరం వైపు ఒక ఆక్వా వ్యాపారికి సాఫ్ట్‌వేర్ రాస్తున్నారనుకుందాం. ‘చెరువు’ ఒక క్లాస్, దాని కింద ‘రొయ్యల చెరువు’, ‘చేపల చెరువు’. మొదటిదానికి ఏరేటర్లు, ఉప్పదనం, కౌంట్ కావాలి, రెండోదానికి పిల్ల సైజు, మేత లెక్క వేరు. పట్టికలకు వారసత్వం లేదు కాబట్టి ఓఆర్ఎం మూడు దారులు చూపిస్తుంది. అన్నిటినీ ఒకే పట్టికలో పెట్టవచ్చు. వేగంగా ఉంటుంది, కానీ చేపల వరుసల్లో రొయ్యల గడులు ఖాళీ, ఏ గడి తప్పనిసరో డేటాబేస్ చెప్పలేదు. ఉమ్మడి విషయాలకు ఒక పట్టిక, ప్రత్యేకతలకు విడి పట్టికలు పెడితే శుభ్రంగా ఉంటుంది, ప్రతిసారీ జాయిన్ తప్పదు. ఏ రకానికి ఆ పట్టిక పూర్తిగా విడదీస్తే ‘చెరువులన్నీ చూపించు’ అన్న చిన్న ప్రశ్నకు ఆ పట్టికల ఫలితాలన్నీ కలిపే యూనియన్ కావాలి.

ఈ మూడింటిలో ఏది మేలని టీములు గంటల తరబడి వాదించుకుంటాయి. ఈలోగా రైతు చేపలు పట్టేసి, అదే చెరువులో వెనామీ రొయ్యల సీడ్ వేస్తాడు. డెల్టాలో ఇది మామూలే. ప్రోగ్రామ్‌లో మాత్రం ఒక క్లాస్‌కు పుట్టిన ఆబ్జెక్ట్ మరో క్లాస్‌గా మారలేదు. చెరిపేసి కొత్తది సృష్టిస్తే పాత నంబరుతో ఉన్న మేత బిల్లులు, కరెంటు బిల్లులు తెగిపోతాయి. తప్పు మ్యాపింగ్‌లో లేదు, మోడల్‌లో ఉంది. చెరువు చెరువే. రొయ్యలా చేపలా అన్నది ఆ పంట సంగతి. ‘చెరువు’, దానికి వరుసగా ‘పంటలు’ అని రాసుకుంటే వారసత్వం చాలావరకు అక్కర్లేకుండా పోతుంది. మ్యాపింగ్ విపరీతంగా చిక్కుపడుతోందంటే ముందు అనుమానించాల్సింది క్లాసుల గీతనే.

ఆబ్జెక్ట్ డేటాబేస్‌లు, డాక్యుమెంట్లు

అసలు పట్టికలే లేకుండా ఆబ్జెక్టులనే దాచే డేటాబేస్ ఉంటే ఈ బాధలన్నీ ఉండవు కదా అన్న ఆలోచన 1980ల నుంచే ఉంది. జెమ్‌స్టోన్, ఆబ్జెక్ట్‌స్టోర్, వెర్సంట్ వచ్చాయి, 1993లో ఓడీఎంజీ అనే బృందం పేరుతో ఒక ప్రమాణం కూడా వచ్చింది. 2001కి ఆ బృందమే రద్దయింది. వేగంలో ఇవి తీసిపోలేదు. ఇంజినీరింగ్ డిజైన్ల లాంటి చిక్కుముడి డేటాకు బాగా నప్పాయి. వ్యాపార ఆఫీసుల్లో మాత్రం నిలదొక్కుకోలేదు. మొదట్లో అనుకున్న మొదటి ప్రశ్నే వాటిని దెబ్బతీసింది. ఖాతాలు చూసేవాడికి, రిపోర్టు తీసేవాడికి, వేరే భాషలో రాసిన మరో సాఫ్ట్‌వేర్‌కు ఆ ఆబ్జెక్టులు అందవు. పట్టిక అయితే ఎవరైనా తెరుస్తారు.

డాక్యుమెంట్ డేటాబేస్‌లు అదే కోరికను వేరే రూపంలో తీర్చాయి. 2009లో వచ్చిన మోంగోడీబీలో ఒక రొయ్యల కొనుగోలును ఒకే డాక్యుమెంట్‌గా పెట్టవచ్చు. 50 కౌంట్ అంటే కిలోకు 50 రొయ్యలు, ఒక్కోటి 20 గ్రాములు. కౌంట్‌ను బట్టి ధర. ఒకే పట్టుబడిలో రెండు మూడు కౌంట్లు, వాటి కిలోలు, ధరలు, ట్రేలు, ఐసు ఖర్చు అన్నీ ఒకే చోట ఉంటాయి. ఒక్కసారి చదివితే బిల్లు మొత్తం వస్తుంది, జాయిన్ అక్కర్లేదు. ఒక డాక్యుమెంట్ లోపలి మార్పులు జరిగితే అన్నీ జరుగుతాయి, లేకపోతే ఏదీ జరగదు. పలు డాక్యుమెంట్లను కలిపే ట్రాన్సాక్షన్ మాత్రం 2018లో 4.0 వెర్షన్‌తో గానీ రాలేదు. అటువైపు పట్టికల డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2014లో 9.4 వెర్షన్‌తో జేసన్‌బీ కాలమ్ తెచ్చింది. పట్టికలోనే ఒక గడిలో డాక్యుమెంట్ పెట్టుకోవచ్చు, లోపలి విలువలను త్వరగా వెతకడానికి ఇండెక్స్ వేసుకోవచ్చు. రైతు, ఖాతా పట్టికల్లో, కౌంట్ల వివరం జేసన్‌బీలో పెట్టుకోవడం భీమవరం వ్యాపారికి బహుశా అన్నిటికంటే సరిపోయే మధ్యేమార్గం.

డాక్యుమెంట్లలో అందరూ ఎత్తిచూపే లోపం, ఒకే సమాచారం వందచోట్ల నకలవ్వడం. రైతు ఫోన్ నంబరు మారితే ఎన్ని డాక్యుమెంట్లు దిద్దాలి? నిజమే. అయితే నకలే సరైనదయ్యే సందర్భాలూ ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమలోకి వెళ్లింది. కొవ్వూరు గోదావరికి పడమటి ఒడ్డున ఉంటూనే తూర్పు గోదావరి జిల్లాలో చేరింది. ఏలూరు పశ్చిమ గోదావరి నుంచి విడిపోయి వేరే జిల్లా అయ్యింది. పాత పేర్లు రెండూ అలాగే ఉన్నాయి, వాటి హద్దులు మాత్రం మారిపోయాయి.

బిల్లు దగ్గర జిల్లాను కేవలం రైతు ద్వారా వెతుక్కునేలా రాసుకుంటే, 2021 అమలాపురం బిల్లును ఇవాళ మళ్లీ ప్రింట్ తీస్తే కోనసీమ అని వస్తుంది. అది తప్పు పత్రం. బిల్లు ఆ రోజు నాటి పేరు, చిరునామా, ధర, పన్నులను తనలో నకలు చేసుకోవాలి. రైతు వివరం మాత్రం ఒక్కచోటే ఉండి, ఎప్పటికప్పుడు మారాలి. ఇక జిల్లాను పేరుతోనే గుర్తుపెట్టుకున్న సాఫ్ట్‌వేర్ ‘తూర్పు గోదావరి మొత్తం కొనుగోళ్లు’ అని ఏళ్లవారీ రిపోర్టు తీస్తే, 2022కు ముందూ తర్వాతా లెక్కలు రెండు వేర్వేరు ప్రాంతాలవి. గ్రాఫ్‌లో కొనుగోళ్లు ఒక్కసారిగా మారిపోయినట్టు కనిపిస్తుంది, కారణం ఏ రైతుకూ తెలియదు. జిల్లాకు విడిగా ఒక నంబరు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్న తేదీలు ఉంటే ఈ గందరగోళం రాదు. పట్టికా డాక్యుమెంటా అన్న చర్చ కంటే, ఏది నకలు, ఏది లింకు అన్న చర్చకు ఎక్కువ సమయం ఇవ్వాలి.

చిట్టా పద్ధతి

చిట్టా రాసే గుమాస్తాలు తప్పు పడితే చెరిపేయరు, దిద్దుబాటుకు ఇంకో పద్దు రాస్తారు. ఈవెంట్ సోర్సింగ్ అనే పద్ధతి ఇదే. లోడు ప్రస్తుతం ఎలా ఉందో దాచరు. ‘లోడు వచ్చింది’, ‘తేమ 19గా నమోదైంది’, ‘మళ్లీ చూస్తే 17 వచ్చింది’, ‘తరుగు సవరించారు’ అన్న ఘటనలను వరుసగా దాస్తారు. వాటిని మొదటి నుంచి కలుపుకొస్తే ఇప్పటి స్థితి వస్తుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ పరిమితి 17 శాతం కాబట్టి, ఎవరు ఎప్పుడు ఏ అంకె మార్చారన్నది రైతుకూ మిల్లుకూ మధ్య తగాదా అయ్యే విషయం. అలాంటి చోట ఈ పద్ధతికి సాటి లేదు. కానీ ఐదేళ్ల నాటి ఘటన ఆకారాన్ని కొత్త కోడ్ కూడా అర్థం చేసుకోవాలి, జాబితాలు చూపడానికి విడిగా పట్టికలు తయారు చేసుకోవాలి. గోనె సంచుల స్టాకుకు కూడా ఈవెంట్ సోర్సింగ్ పెట్టడం అత్యుత్సాహం. చాలా మిల్లులకు తూకం, తేమ, చెల్లింపు మార్పులకు ఒక చరిత్ర పట్టిక ఉంటే చాలు.

కలిపి వాడేటప్పుడు

పెద్ద సాఫ్ట్‌వేర్‌లో ఒకే పద్ధతి అన్నిచోట్లా ఉండాలన్న పట్టుదల వల్లే నష్టం ఎక్కువ. లోడు నమోదు, సవరణ, చెల్లింపు లాంటి పనులకు ఓఆర్ఎం బాగుంటుంది. ఆబ్జెక్ట్ చిన్నది, నియమాలు ఎక్కువ, ఇద్దరు ఒకేసారి మార్చే అవకాశం ఉంది. సీజన్ రిపోర్టుకు అదే ఓఆర్ఎంతో వేల లోడ్లను ఆబ్జెక్టులుగా తెచ్చి లూప్‌లో కూడటం అర్థం లేని పని. అక్కడ మొత్తాలను కూడి ఇచ్చే ఒక గ్రూప్ బై క్వెరీ చాలు, ఫలితం ఆబ్జెక్ట్ కానక్కర్లేదు. సంచి రేటు మారి సీజన్ లోడ్లన్నిటినీ సవరించాలంటే కూడా ఒక్క అప్‌డేట్ వాక్యమే మేలు. కాకపోతే అది ఓఆర్ఎం వెనక నుంచి జరుగుతుంది కాబట్టి, అప్పటికే తెరిచి ఉన్న సెషన్లలో పాత విలువలు ఉండిపోతాయి, వెర్షన్ నంబరును కూడా ఆ వాక్యంలోనే పెంచాలి. ఇది మరిచిపోయి రోజంతా బగ్ వెతికినవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు.

చివరిగా మార్పుల సంగతి. ఏ పద్ధతి తీసుకున్నా ఆకారం మారుతుంది. ఫ్లైవే, లిక్విబేస్ లాంటి పరికరాలు పట్టికల మార్పులను నంబర్లు వేసిన స్క్రిప్టులుగా, కోడ్‌తో పాటే ఉంచుతాయి. ఓఆర్ఎం తనంతట తానే పట్టికలను సరిచేసుకునే సౌకర్యం డెవలపర్ మెషిన్‌లో బాగుంటుంది, అసలు సర్వర్‌లో దాన్ని ఆపేయాలి. జిల్లా పేరు కాలమ్‌ను జిల్లా నంబరుగా మార్చడమే తీసుకుంటే, ముందు కొత్త కాలమ్ ఖాళీగా చేర్చి, కోడ్ రెండిటిలోనూ రాసేలా చేయాలి. తర్వాత పాత వరుసల్లో బిల్లు తేదీని బట్టి నంబర్లు నింపాలి. చదవడం కొత్త కాలమ్‌కు మార్చాక కొన్నాళ్లు ఆగి పాతదాన్ని తీసేయాలి. దాళ్వా ధాన్యం ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది, సార్వా నవంబరులో మొదలవుతుంది. మొదటి మూడు అడుగులకు ఆగస్టు, సెప్టెంబరు నెలలు చాలు. పాత కాలమ్‌ను మాత్రం వచ్చే దాళ్వా లెక్కలు మూసి, ఆడిటర్ సంతకం పడ్డాకే తీసేయాలి.